650 మాటల్లో జంషెడ్‌పూర్

అమెరికాలో డిగ్రీ చదవాలనుకునే పిల్లలకు తమ గురించి చెప్పుకోవడానికి కామన్ యాప్ ఇచ్చే చోటు 650 మాటలు. ఇంగ్లండు వెళ్లాలంటే యూకాస్ ఇచ్చేది 4,000 అక్షరాలు. ఖాళీలూ కామాలూ కూడా ఆ లెక్కలోకే వస్తాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఎనిమిది ప్రశ్నలిచ్చి నాలుగింటికి జవాబు రాయమంటుంది, ఒక్కోటీ 350 మాటలు దాటకూడదు. ఈ అంకెలు ఎవరికైనా ఒకటే కాబట్టి కొలత న్యాయమైనదే అనిపిస్తుంది. జంషెడ్‌పూర్‌లో కూర్చుని రాసే తెలుగింటి పిల్లల వైపు నుంచి చూస్తే అలా అనిపించదు.

ఎందుకంటే వాళ్లు ముందు తమ ఊరేమిటో చెప్పుకోవాలి. న్యూయార్క్ పిల్ల సెంట్రల్ పార్క్ అని రెండు మాటలతో సరిపెడుతుంది. మన పిల్ల జూబిలీ పార్క్ అంటే అదెక్కడుందో, ఎవరు కట్టించారో, మార్చి 3న అక్కడ దీపాలెందుకు వెలుగుతాయో చెబితే గానీ చదివేవాళ్లకు బొమ్మ కట్టదు. ఆ తర్వాత, జార్ఖండ్‌లో తెలుగువాళ్లేమిటన్న ప్రశ్న వస్తుంది. 1907లో టాటా ఉక్కు కంపెనీ ఏర్పడటం, సాక్చి అనే పల్లె దగ్గర కర్మాగారం లేవటం, 1912లో తొలి ఉక్కు రావటం, 1919లో ఊరికి జంషెడ్‌జీ టాటా పేరు పెట్టటం, ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి కుటుంబాలకు కుటుంబాలు ఉద్యోగాలకు తరలిరావటం, బిష్టుపూర్‌లో రామమందిరం, కదమాలో ఆంధ్ర అసోసియేషన్. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బళ్లో ఇంగ్లీషు. ఇదంతా చెప్పుకుంటూ పోతే 200 మాటలు కరిగిపోతాయి. పిల్ల మాత్రం ఇంకా తెర మీదికి రానే లేదు.

లోకానికి తెలిసిన ఊళ్లో పుట్టినవాళ్లకు 650 అంటే 650. మిగతావాళ్లకు అది 450. ఈ తేడాను పూడ్చుకునే దారి ఒక్కటే ఉంది. ఏది వివరించాలో కాదు, ఏది వివరించకుండా వదిలేయాలో ముందు తేల్చుకోవాలి. ఎస్సే రాయటంలోనూ, ఆన్‌లైన్ ఫారంతో వేగటంలోనూ పిల్లలు పడే అవస్థల్లో చాలా భాగం ఈ తేల్చుకోవటం ఆఖరి రాత్రికి వాయిదా పడటం వల్ల వచ్చేదే. మిగతా భాగం మాత్రం పిల్లల తప్పు కాదు. దాని సంగతీ చెబుతాను.

మన చదువుల్లో ఈ రాతకు అలవాటు లేదు. ఊళ్లోనే ఎన్‌ఐటీ ఉంది. 1960లో రీజినల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీగా మొదలైంది. అందులో సీటు కావాలంటే జేఈఈ మెయిన్ ర్యాంకు చాలు, నువ్వెవరివని ఎవరూ అడగరు. ఎంజీఎం మెడికల్ కాలేజీకి నీట్ మార్కులు చాలు. పదకొండేళ్ల వయసు నుంచీ మన పిల్లలు జవాబు కాగితం మీద బుడగలు నింపటం నేర్చుకుంటారు. బళ్లో కాంపోజిషన్ రాయించినా అది పెంచి రాయటమే: ఒక సూక్తితో ఎత్తుకుని, విషయాన్ని నాలుగు పేరాల్లో సాగదీసి, చివర ఒక నీతి చెప్పి ముగించాలి. ఐఎస్‌సీ ఇంగ్లీషులో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లలు కూడా కాలేజీ ఎస్సే దగ్గర తడబడేది ఇందుకే. అక్కడ మార్కు తెచ్చిపెట్టిన సాగతీతే ఇక్కడ మాటల్ని మింగేస్తుంది.

పరిమితుల చరిత్ర కొంచెం తెలిస్తే వాటి మీద కోపం తగ్గుతుంది. కామన్ యాప్‌ను 1975లో 15 కాలేజీలు కలిసి మొదలుపెట్టాయి. ఒకే ఫారం నింపితే అన్నిటికీ పనికొస్తుందన్నది ఆలోచన. ఇప్పుడు అందులో వెయ్యికి పైగా కాలేజీలున్నాయి. 2013కు ముందు ఎస్సేకి 500 మాటలని చెప్పేవాళ్లు, కానీ పిల్లలు ఫైలుగా జతచేసేవాళ్లు కాబట్టి ఆ గీతను యంత్రం కాపలా కాసేది కాదు. 2013లో పరిమితిని 650కి పెంచి, రాతను పెట్టెలో అతికించే పద్ధతి తెచ్చారు. అప్పటినుంచి 651వ మాటకు చోటు లేదు. కింద కూడా ఒక గీత ఉంది, 250 మాటలకు తగ్గకూడదు. ఈ రెంటి మధ్యా ఎక్కడ ఆగినా తప్పు లేదు. 480 మాటల్లో చెప్పవలసింది చెప్పేసిన పిల్లవాడు మిగతా 170 నింపటానికి వెతుక్కోనక్కర్లేదు.

యూకాస్‌ది ఇంకో దారి. చాలా ఏళ్లు అక్కడ 4,000 అక్షరాలు, 47 వరుసలు అనే జోడు నిబంధన ఉండేది. ఏది ముందు నిండితే అక్కడ ఆగాలి. పేరాకూ పేరాకూ మధ్య ఖాళీ వరుస వదిలినవాళ్లు అక్షరాలు మిగిలి ఉన్నా వరుసలు అయిపోయి చిక్కుకునేవాళ్లు. 2026 ప్రవేశాల నుంచి ఆ ఒక్క పెద్ద వ్యాసాన్ని మూడు ప్రశ్నలుగా విడగొట్టారు: ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నావు, నీ చదువు దీనికి నిన్నెలా సిద్ధం చేసింది, బడి బయట ఇంకేం చేశావు. మొత్తం అవే 4,000 అక్షరాలు, ఒక్కో జవాబుకు కనీసం 350. నా దృష్టిలో ఇది మంచి మార్పు. ఏం రాయాలో చెప్పేవాళ్లు ఇంట్లో లేని పిల్లకు ఖాళీ కాగితం కన్నా సూటి ప్రశ్న ఎంతో మేలు.

పెద్ద ఎస్సే పక్కన చిన్న పెట్టెలూ ఉంటాయి. స్టాన్‌ఫర్డ్ 50 మాటల జవాబులు అడుగుతుంది. యేల్‌లో కొన్ని ప్రశ్నలకు 200 అక్షరాలే, అంటే ఇంగ్లీషులో దాదాపు 35 మాటలు. ఎంఐటీ కామన్ యాప్‌లో లేదు, దాని ఫారం దానిదే. పిల్లలు పెద్ద ఎస్సేకి నెలలు పెట్టి ఈ చిన్నవాటిని ఆఖరి గంటలో గిలుకుతారు. నిజానికి 35 మాటల్లో నిజం చెప్పటమే కష్టం. కామన్ యాప్‌లో వ్యాపకాల పట్టిక మరీ ఇరుకు: పది గళ్లు, ఒక్కో గడిలో హోదాకు 50 అక్షరాలు, సంస్థ పేరుకు 100, చేసిన పనికి 150. ఇక్కడ పూర్తి వాక్యాలు వద్దు. క్రియతో మొదలుపెట్టి, ఎంతమందికి, ఎన్నాళ్లు, ఏం జరిగింది అన్నవి చాలు. ఉగాదికి అసోసియేషన్‌లో చిన్నపిల్లల చేత నాటకం వేయించిన అమ్మాయి తన సంస్కృతి పట్ల తనకున్న ప్రేమ గురించి రాయనక్కర్లేదు. ఎంతమంది పిల్లలో, ఎన్ని వారాల సాధనో, తెలుగు చదవటం రాని పిల్లలకు సంభాషణలు ఏ లిపిలో రాసిచ్చిందో చెబితే ఆ ప్రేమ దానంతటదే తెలుస్తుంది.

ఇక అసలు సమస్యకు, అంటే రాసింది ఎక్కువైపోయినప్పుడు ఎలా తగ్గించాలన్నదానికి వద్దాం.

నేను చూసిన చిత్తుప్రతుల్లో చాలావరకు ఇలాగే మొదలవుతాయి: "నేను భారతదేశంలోని జార్ఖండ్ రాష్ట్రంలో ఉక్కు నగరంగా పేరు పొందిన జంషెడ్‌పూర్‌లో పుట్టి పెరిగాను. మా తాతగారు ఎన్నో ఏళ్ల క్రితం ఆంధ్రప్రదేశ్ నుంచి ఇక్కడికి ఉద్యోగం కోసం వలస వచ్చారు. ఆయన ఎంతో కష్టపడి పనిచేసే మనిషి. ఆయన నుంచి నేను కష్టపడటం, పట్టుదల అనే విలువలు నేర్చుకున్నాను." ఇందులో అబద్ధం ఒక్కటి లేదు, తప్పు వాక్యం లేదు. కానీ పుట్టిన ఊరు, చిరునామా, దేశం ఫారం మొదటి పేజీలోనే ఉన్నాయి. కష్టపడే తాతలు ప్రతి ఎస్సేలోనూ ఉన్నారు. ఈ నాలుగు వాక్యాలు తీసేసినా చదివే మనిషికి ఏమీ తగ్గదు.

అదే పిల్ల ఇలా రాసిందనుకుందాం: "మా తాత ముప్పై ఏళ్లు ఫర్నేసు దగ్గర పనిచేశాడు. ఇప్పటికీ గ్యాసు పొయ్యి మంట రంగు చూసి, బర్నరు శుభ్రం చేయాలో లేదో వంటింటి గుమ్మంలోంచే చెబుతాడు. నాకు కెమిస్ట్రీ అక్కడ మొదలైంది." మాటల్లో మూడో వంతు తగ్గింది. ఉక్కు నగరం అనకుండానే ఊరు వచ్చింది, పట్టుదల అనకుండానే తాత వచ్చాడు, పిల్ల ఏం చదవాలనుకుంటోందో కూడా వచ్చేసింది. మంట పచ్చబారితే గాలి సరిగ్గా అందటం లేదని తాతకు కంటితో తెలుసు, మనవరాలికి సమీకరణంతో తెలుసు. ఈ రెండు తెలియటాల మధ్య ఉన్న దూరమే ఆమె ఎస్సే. ఆంధ్ర నుంచి ఎప్పుడొచ్చారు, ఏ రైల్లో వచ్చారు అన్నది దీనికి అక్కర్లేదు. అక్కర్లేనిదాన్ని వదిలేయటం వంశాన్ని మరిచిపోవటం కాదు. పెద్దవాళ్లు ఈ మాట దగ్గర నొచ్చుకుంటారు, తమ కథ తీసేశారని బాధపడతారు. పిల్లలు వాళ్లకి నచ్చజెప్పుకోవాలి.

తగ్గించటానికి ఒక వరస ఉంది. ముందు ఫారంలో వేరే చోట ఉన్నదంతా కొట్టేయాలి: మార్కులు, ర్యాంకులు, పతకాలు, బడి పేరు. తర్వాత మొదటి పేరా మొత్తం తీసేసి రెండోదాంతో మొదలైతే ఎలా ఉందో చూడాలి. సాధారణంగా బాగానే ఉంటుంది. ఆ తర్వాత "దీని నుంచి నేను నేర్చుకున్నదేమిటంటే" అని మొదలయ్యే వాక్యాలు. జరిగినదాన్ని సరిగ్గా చెబితే నేర్చుకున్నది చదివేవాళ్లకే తెలుస్తుంది. అలా తెలియటం లేదంటే చెప్పటంలో లోపం ఉంది, వాక్యం చేర్చి దాన్ని సరిచేయలేం. ఇవన్నీ అయ్యాకే మాటల దాకా రావాలి. మన ఇంగ్లీషుకు ఆఫీసు ఉత్తరాల వాసన ఉంటుంది: "ఇన్ ఆర్డర్ టు" అన్నచోట "టు" చాలు, "ఐ వజ్ ఏబుల్ టు" అన్నచోట "ఐ కుడ్" చాలు, "డ్యూ టు ద ఫాక్ట్ దట్" అన్నచోట "బికాజ్" చాలు. "వెరీ", "రియల్లీ"లను వెతికి తీసేయొచ్చు. ఇలా ఏరితేనే ముప్పై నలభై మాటలు దొరుకుతాయి. కానీ చాలామంది ఇక్కడినుంచే మొదలుపెడతారు. అక్కడో మాట ఇక్కడో మాట పీకి 720ని 650 చేస్తారు. వాక్యాలు కుంటుతాయి, బరువు మాత్రం తగ్గదు. 70 మాటలు తగ్గాలంటే ఒక సంఘటన పూర్తిగా పోవాలి.

తీయకూడనివీ ఉన్నాయి. మనుషుల పేర్లు, వస్తువుల పేర్లు, వేళలు, రంగులు, ఎవరైనా అన్న మాట. ఇవి కొట్టేసి "అనేక సవాళ్లు", "విలువైన అనుభవం" లాంటివి ఉంచుకుంటే మిగిలే 650 మాటలు ఎవరివైనా కావచ్చు. తెలుగు మాట ఒకటి ఎస్సేలో పెట్టాలనిపిస్తే పెట్టొచ్చు, పక్కనే అర్థం రాయనక్కర్లేదు. సందర్భం దానికి అర్థం ఇచ్చేలా వాక్యం ఉంటే చాలు. "పులిహోర, అనగా చింతపండుతో చేసిన అన్నం, దక్షిణ భారత వంటకం" అంటే ఏడు మాటలు అదనం. "అమ్మ పులిహోర కలుపుతుంటే చింతపండు వాసన" అంటే అదనం ఏమీ లేదు.

అదనపు సమాచారం అనే పెట్టె ఒకటుంది. అందులో 650 మాటలు పట్టేవి. 2025 ఆగస్టు నుంచి కామన్ యాప్ దాన్ని 300కి కుదించింది. ఎస్సేలో పట్టనివన్నీ అక్కడ కుమ్మరించేవాళ్ల వల్లే ఇలా కుదించి ఉంటారని నా ఊహ. ఆ పెట్టె పని వేరు. పదకొండో తరగతిలో మార్కులు ఎందుకు పడిపోయాయి, బళ్లో ఫలానా సబ్జెక్టు ఎందుకు లేదు, మధ్యలో బోర్డు ఎందుకు మారింది లాంటి వాటికి అది. ఇంట్లో జబ్బు, ఆర్థికంగా దెబ్బ తినటం లాంటి కష్టాలకు 250 మాటల వేరే చోటుంది. జరిగింది జరిగినట్టు, తేదీలతో, రెండు మూడు వాక్యాల్లో రాస్తే చాలు. చెప్పేదేమీ లేకపోతే ఖాళీగా వదిలేయటమే మర్యాద.

మాస్టర్స్‌కు వెళ్లేవాళ్లది వేరే లోకం. 2023-24లో అమెరికాలో చదువుతున్న భారతీయులు 3,31,602 మంది. చైనాను దాటి మొదటి స్థానంలోకి వచ్చారు. వాళ్లలో ఎక్కువమంది పీజీవాళ్లే, తెలుగువాళ్ల వాటా పెద్దది. వాళ్లు రాసే ఎస్‌ఓపీ (స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్) తరచుగా పీడీఎఫ్‌గా జతచేసేది కాబట్టి పరిమితిని యంత్రం పట్టుకోదు. 1,000 మాటలన్నచోట 1,400 రాసి, అక్షరాల సైజు తగ్గించి, అంచులు నొక్కి రెండు పేజీల్లో ఇరికించేవాళ్లున్నారు. చదివేది ప్రొఫెసర్లు. అది వాళ్ల కంట పడుతుంది, మంచి అభిప్రాయం కలిగించదు. ఒక యూనివర్సిటీకి రాసిన ఎస్‌ఓపీని ఇంకోదానికి పంపేటప్పుడు పాత యూనివర్సిటీ పేరు మధ్యలో మిగిలిపోవటం మరీ ఘోరం. ఫైలుకు పేరు పెట్టేటప్పుడే యూనివర్సిటీ పేరు పెట్టుకుంటే ఈ ప్రమాదం సగం తప్పుతుంది.

ఇక ఫారం. రాసింది పెట్టెలో అతికించగానే వేషం మారుతుంది. వర్డ్‌లోనో గూగుల్ డాక్స్‌లోనో వంకర కొటేషన్లు, పొడవు గీతలు, ట్యాబ్‌తో తోసిన పేరాలు ఉంటాయి. ఫారం వీటిలో కొన్నిటిని మింగేస్తుంది, కొన్నిటిని పిచ్చి గుర్తులుగా మారుస్తుంది. యూకాస్‌లో బొద్దు అక్షరాలూ ఏటవాలు అక్షరాలూ నిలవవు. మాటల లెక్క కూడా ఒకేలా ఉండదు. హైఫన్‌తో కలిపిన మాటను, గీతకు అటూ ఇటూ ఖాళీ లేకుండా రాసినదాన్ని ఒకచోట ఒకటిగా, ఇంకోచోట రెండుగా లెక్కపెడతారు. ఇంట్లో 648 అన్నది ఫారంలో 653 కావచ్చు. అక్షరాల లెక్కలో ఎంటర్ నొక్కిన ప్రతిసారీ కూడా ఖర్చే. ఫారం లెక్కే లెక్క కాబట్టి పదో ఇరవయ్యో మాటలు వెసులుబాటు ఉంచుకోవటం మేలు. నోట్‌ప్యాడ్‌లో ఒకసారి అతికించి, అలంకారాలన్నీ రాలిపోయాక అక్కడినుంచి ఫారంలోకి తేవాలి. తర్వాత ప్రివ్యూ పీడీఎఫ్ తెరిచి మొదటి మాట నుంచి చివరి మాట దాకా చదవాలి. చివరి వాక్యం సగంలో తెగిపోయిన ఎస్సేలు బయటపడేది అక్కడే.

పెట్టెలో నేరుగా టైపు చేయటం మాత్రం వద్దు. చాలా పోర్టళ్లు కొంతసేపు కదలిక లేకపోతే బయటికి నెట్టేస్తాయి. అమెరికా వీసా ఫారం డీఎస్-160 అయితే 20 నిమిషాలు ముట్టుకోకపోతే మూసుకుపోతుంది; అప్లికేషన్ నంబరు రాసి పెట్టుకోనివాళ్లు మొదటికి రావలసిందే.

ఈ ఫారాలన్నిటిలోకీ తెలుగువాళ్లను ఎక్కువగా ఏడిపించేది పేరు గడి. మనకు ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. ఫారానికి పేరు ముందు, ఇంటిపేరు తర్వాత. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తి పేరు, పాస్‌పోర్టులో ఇంకో తీరు. జంషెడ్‌పూర్‌లో దీనికి ఇంకో మెలిక ఉంది. ఇక్కడి బళ్లలో చేర్చేటప్పుడు చివరి మాటే ఇంటిపేరనుకోవటం అలవాటు. అందుకే తండ్రి పేరు చివర ఉన్న రావు పిల్లల ఇంటిపేరైపోతుంది, అసలు ఇంటిపేరు మాయమవుతుంది. ఒకే ఇంట్లో అన్నకు రావు, చెల్లెలికి కుమారి ఇంటిపేర్లుగా కాగితాల మీద స్థిరపడిపోతాయి. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో పడి, సొంత పేరు (గివెన్ నేమ్) గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసా మీద ఆ చోట ఎఫ్‌ఎన్‌యూ అని అచ్చవుతుంది, అంటే పేరు తెలియదని. పదిహేడేళ్లు ఒక పేరుతో పెరిగిన పిల్లకు అది ఎలా ఉంటుందో ఆలోచించండి. దరఖాస్తు, ఇంగ్లీషు పరీక్ష, ఎస్ఏటీ, మార్కుల జాబితా, అన్నిటి మీదా పాస్‌పోర్టులో ఉన్నట్టే పేరు ఉండాలి. తేడా ఉంటే స్కోరు ఒకచోట, దరఖాస్తు ఇంకోచోట తిరుగుతూ ఉంటాయి.

మన దేశపు ఫారాలూ తక్కువేమీ కాదు. 2022లో సీయూఈటీ ప్రవేశ పరీక్ష వచ్చాక సెంట్రల్ యూనివర్సిటీల్లో డిగ్రీకి వెళ్లాలన్నా ఆన్‌లైన్ ఫారం తప్పటం లేదు. అక్కడ ఎస్సే గొడవ లేదు, ఫోటో ఇన్ని కేబీలు దాటకూడదు, సంతకం అన్ని కేబీల్లో ఉండాలి అన్న గొడవ ఉంది. సవరణకు కొద్ది రోజులే ఇస్తారు, అన్ని గడులూ తెరవరు. సాక్చిలో సైబర్ కెఫే వాళ్లు ఈ పని చేసిపెడతారు. కానీ వాళ్ల ఈమెయిల్, వాళ్ల ఫోన్ నంబరు ఫారంలో పెట్టించుకుంటే ఆ తర్వాత వచ్చే ఓటీపీలన్నీ వాళ్లకే వెళతాయి. ఇదొక్కటి మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు.

గడియారం ఇంకో ఉచ్చు. కామన్ యాప్‌లో గడువు మామూలుగా రాసేవాళ్ల ఊరి సమయం ప్రకారం రాత్రి 11:59. యూకాస్‌ది బ్రిటన్ సమయం సాయంత్రం ఆరు, అంటే జనవరిలో మనకు రాత్రి 11:30. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి, వైద్యవిద్యలకు అక్టోబర్ 15న అయితే రాత్రి 10:30. కాలిఫోర్నియాది అక్కడి రాత్రి 11:59, మనకు మర్నాడు మధ్యాహ్నం 1:29. ఏ రెండూ ఒకటి కావు. డబ్బు కట్టే దగ్గర మరో గోడ: 2020లో రిజర్వు బ్యాంకు పెట్టిన నిబంధన వల్ల కొత్తగా ఇచ్చే కార్డులు దేశంలో లావాదేవీలకే పనిచేస్తాయి. విదేశీ చెల్లింపులు కావాలంటే బ్యాంకు యాప్‌లో మనమే తెరుచుకోవాలి. ఈ సంగతి నాన్నగారి కార్డు తిరస్కరించినప్పుడు, గడువుకు పావుగంట ముందు తెలిస్తే ఎవరేం చేయగలరు?

జార్ఖండ్‌లో నెట్ మీద కూడా పూర్తి భరోసా లేదు. 2023 ఏప్రిల్‌లో కదమా శాస్త్రినగర్ గొడవల తర్వాత జంషెడ్‌పూర్‌లో మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. 2024 సెప్టెంబర్ 21, 22 తేదీల్లో ఉద్యోగ నియామక పరీక్షలో అక్రమాలు ఆపటానికని రాష్ట్రమంతా మొబైల్ ఇంటర్నెట్ నిలిపేశారు. హైకోర్టు జోక్యం చేసుకోవలసి వచ్చింది. గడువు దగ్గరపడుతున్న పిల్లకు ఇది వరదో తుపానో లాంటి విపత్తే, ఆమె చేతిలో ఏమీ లేదు. ఇలాంటి నాడు చేయగలిగింది ఒక్కటే: గడువుకు ముందే కాలేజీ అడ్మిషన్ల ఆఫీసుకు ఈమెయిల్ పంపి, జరిగింది చెప్పి, ప్రభుత్వ ఉత్తర్వు కాపీయో వార్తాపత్రిక కాగితమో జతచేయటం. ఇంటి బ్రాడ్‌బ్యాండ్ లేనివాళ్లు ఆ ఈమెయిల్ కోసమైనా ఎవరింటికో పరుగెత్తాలి.

తప్పు యంత్రానిదైతే కాలేజీలు వింటాయి. 2013 శరత్కాలమే దానికి సాక్ష్యం. కామన్ యాప్ ఆ ఏడు కొత్త వ్యవస్థ తెచ్చింది. అతికించిన ఎస్సేలు చెదిరిపోయాయి, మాటలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి, పిల్లలు తమ ఖాతాల్లోకి వెళ్లలేకపోయారు. నవంబర్ 1 గడువును చాలా కాలేజీలు పొడిగించాయి. ప్రిన్స్‌టన్ ఇంకో సంస్థ ఫారాన్ని కూడా తీసుకోవటం మొదలుపెట్టింది. అమెరికాలో చాలా బళ్లలో కౌన్సెలర్ ఉంటారు కాబట్టి ఆ గొంతులు కలిసి గట్టిగా వినిపించాయి. మన పిల్లకు ఆ గొంతు లేదు. కామన్ యాప్ బడి నుంచి స్కూల్ రిపోర్టు, మార్కుల జాబితా, సిఫారసు ఉత్తరం అడుగుతుంది. మన బళ్లలో చాలాచోట్ల ఈ పనికి వేరే మనిషి లేరు. ప్రిన్సిపల్‌గారో, క్లాస్ టీచర్‌గారో బోర్డు పరీక్షల హడావిడి మధ్యలో చేయాలి. ఫారం ఇంత కష్టంగా ఉండటం ప్రతిభకు పరీక్ష కాదు. ఆ బరువు బళ్లూ కాలేజీలూ మోయవలసింది, పిల్లల మీద పడుతోంది.

ఆ బరువు దించుతామంటూ కన్సల్టెన్సీలు వస్తాయి. కొందరు నిజాయితీగా సాయం చేస్తారు. కొందరు ఒకే మూసలో పోసిన ఎస్‌ఓపీలు పేర్లు మార్చి అమ్ముతారు. 2007లో యూకాస్ 50,000 వ్యాసాలు పరిశీలిస్తే 234 మంది ఎనిమిదేళ్ల వయసులో కెమిస్ట్రీ సెట్‌తో పైజమాకు చిల్లి పెట్టుకున్నారని తేలింది. అప్పటినుంచి పోలికలు పట్టే సాఫ్ట్‌వేర్ అక్కడ పనిచేస్తూనే ఉంది. కృత్రిమ మేధ రాసిచ్చినదాన్ని తనదిగా పంపటాన్ని కామన్ యాప్ 2023 నుంచి మోసాల జాబితాలో చేర్చింది. నాకు దానికన్నా పెద్ద అభ్యంతరం ఒకటుంది. యంత్రాన్ని 720 మాటలు 650 చేయమంటే అది ముందుగా తీసేసేది తాతనీ, పొయ్యినీ, మంట రంగునీ. మిగిలేది పట్టుదల, విలువలు, ప్రేరణ. ఇరుకు చోటులో ఆ పిల్లను ఆ పిల్లగా నిలబెట్టే నాలుగు వివరాలనే అది చెత్తగా ఊడ్చేస్తుంది. ఏది ఉంచాలో తేల్చే పని పిల్లే చేయాలి, దాన్ని ఎవరికీ అప్పగించకూడదు.

మరి పెద్దవాళ్లు చేయవలసింది? వినటం. ఎస్సే పైకి చదివించుకుని, ఎక్కడ నమ్మబుద్ధి కాలేదో చెప్పటం. వాక్యాలు దిద్దొద్దు, ఇంటి ఘనత చేర్చమని పట్టుబట్టొద్దు.

జంషెడ్‌పూర్ తెలుగు సమాజానికి నాదొక విన్నపం. మన అసోసియేషన్ హాల్లో పండుగలకు, పెళ్లిళ్లకు, నాటకాలకు చోటుంది. జులై, ఆగస్టు ఆదివారాలు రెండు మూడు ఈ పిల్లల కోసం కూడా ఇవ్వండి. కంపెనీలో రిటైరైన ఇంజనీర్లున్నారు, బళ్లలో దశాబ్దాలు ఇంగ్లీషు చెప్పిన టీచరమ్మలున్నారు, విదేశాల్లో చదివి ఫోన్లో దొరికే మన పిల్లలున్నారు. ఒక మంచి బ్రాడ్‌బ్యాండ్, ఒక స్కానర్, ఓపికగా వినే మనిషి ఉంటే డబ్బు కట్టి కన్సల్టెన్సీకి వెళ్లలేని ఇళ్ల పిల్లలు కూడా ఈ గడప దాటగలరు. అంతకన్నా ముందు, తొమ్మిదో తరగతిలో బోర్డు రిజిస్ట్రేషన్ జరిగేటప్పుడు మీ పిల్లల పేరు, ఇంటిపేరు పాస్‌పోర్టులో ఉన్నట్టు, ఉండబోయేటట్టు రాశారో లేదో బడికి వెళ్లి మీ కళ్లతో చూసుకోండి. ఆ తర్వాత మార్చాలంటే అఫిడవిట్లు, గెజిట్లు, నెలల తరబడి తిరగటం.